పొద్దున జిమ్ ట్రైనర్‌ని... పగలు మేత కొట్టులో గుమస్తాని!

నా ఫోన్‌లో అలారం నాలుగున్నరకి మోగుతుంది. మా ముదినేపల్లిలో ఆ టైముకి లేచేది పాలవాళ్లు, చెరువుల మీద వల లాగడానికి వెళ్లేవాళ్లు, ఆ తర్వాత నేను. ఐదింటికల్లా వెళ్లి జిమ్ షట్టర్ ఎత్తాలి. ఐదు నిమిషాలు లేటైతే చాలు, మెట్ల మీద కూర్చున్న బ్యాచ్ నుంచి ఫోన్ వచ్చేస్తుంది. "అన్నా, ఇంకా దుప్పట్లోనే ఉన్నావా?"

ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా జిమ్‌లో ట్రైనర్‌ని. ఇంటికెళ్లి స్నానం చేసి, రెండు ఇడ్లీలు తిని, తొమ్మిదిన్నరకి చేపల మేత కొట్టులో లెక్కలు రాస్తా. మళ్లీ సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా జిమ్మే. కొట్టులో 12 వేలు జీతం. జిమ్‌లో 6 వేలు. విడిగా ట్రైనింగ్ కావాలన్నవాళ్లు నెలకి 2 వేలు కడితే అందులో సగం నాది. విజయవాడలో ఇదే పనికి ఇంతకి మూడింతలు ఇస్తారని ఫ్రెండ్స్ అంటారు. కానీ అక్కడ రూమ్ అద్దె, మెస్ బిల్లు పోగా మిగిలేది ఎంత? ఇక్కడైతే అమ్మ వండిన అన్నం ఉంది, నాన్న బండి ఉంది.

మా ఊరు తెలియనివాళ్లకి ఓ మాట. గుడివాడ నుంచి కైకలూరు వెళ్లే దారిలో ఉంటుంది. ఎటు చూసినా చేపల చెరువులే, మధ్యలో వరి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఏలూరు జిల్లాలో కలిపారు. అయినా ఎవరైనా అడిగితే నోటికి "కృష్ణా జిల్లా" అనే వస్తుంది. సినిమాకైనా, షాపింగ్‌కైనా గుడివాడే వెళ్తాం.

పల్లెటూళ్లో జిమ్మేంటని నవ్వేవాళ్లున్నారు. "బస్తాలు మోసేవాడికి డంబెల్స్ ఎందుకురా?" అని మా బాబాయ్ ఇప్పటికీ అంటాడు. నిజానికి మనవాళ్లకి వ్యాయామం కొత్తేమీ కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు వందేళ్ల కిందటే దేశమంతా తిరిగి 'కలియుగ భీముడు' అనిపించుకున్నాడు. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కలిపి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. మా జిమ్ గోడ మీద మాత్రం ఎవరో తెల్లోడి బొమ్మ ఉంటుంది. అది వేరే సంగతి.

ట్రైనర్ అంటే ఏం చేస్తాడు?

నిజం చెప్పేస్తా. నేను చేరినప్పుడు నాకు ఏ సర్టిఫికెట్టూ లేదు. బీకాం చదివా, నాలుగేళ్లు జిమ్ చేశా, యూట్యూబ్‌లో వందల వీడియోలు చూశా. కండలు కనపడుతున్నాయి కాబట్టి ఓనర్ "నువ్వే చెప్పు" అన్నాడు. మన దగ్గర సగం మంది ట్రైనర్లు ఇలా అయినవాళ్లే.

మొదట్లో ట్రైనర్ అంటే బరువులు ఎత్తించేవాడు అనుకునేవాణ్ని. ఆ భ్రమ పోగొట్టింది ఒక రిటైర్డ్ మాస్టారు. వయసు 62. షుగరుంది. డాక్టరు వ్యాయామం చేయమంటే మనవడు తీసుకొచ్చి చేర్పించాడు. మొదటి రోజు "ఏం కావాలండీ మాస్టారూ, పొట్ట తగ్గాలా?" అని అడిగా.

"పొట్ట సంగతి తర్వాత చూద్దాం బాబూ. షష్ఠికి సింగరాయపాలెం గుళ్లో కింద కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేవాలి. అంతే చాలు" అన్నారు.

ఆయన్ని ఏ మెషీన్ మీదా కూర్చోబెట్టలేదు. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, పదేసి సార్లు మూడు విడతలు. రెండు వారాలకి కుర్చీ బదులు పొట్టి స్టూలు. తర్వాత చేతిలో ఐదు కిలోల డంబెల్. ఆ యేడు షష్ఠికి గుళ్లో ఒక మోకాలు మీద ఆగి, చెయ్యి ఆనించకుండానే లేచారు. ఆ వారం జిమ్‌లో అందరికీ ప్రసాదం పంచారు. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరుతో ఉన్నారని 2023లో ఐసీఎంఆర్ సర్వే లెక్క తేల్చింది. మన వీధిలో నాలుగిళ్లకి ఒకరైనా ఉంటారు. వాళ్లకి కావాల్సింది సిక్స్ ప్యాక్ కాదు, లేచి నిలబడే బలం.

మూడొందల కమీషన్

ఇంక అసలు సంగతికొస్తా. దీని గురించి రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించా.

మా జిమ్‌లో సగం మంది కానిస్టేబుల్ బ్యాచ్. 2022 నవంబరులో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ అయ్యాయి. పాసైనవాళ్లు ఫిజికల్ టెస్టులు ఇదిగో అదిగో అంటూ ఎదురుచూశారు. అవి మొదలైంది 2024 డిసెంబరు ఆఖర్లో. దాదాపు రెండేళ్లు! పరుగెత్తేవాడు రెండేళ్లు ఒకే ఫామ్‌లో ఎలా ఉంటాడు? అందులోనూ ఇంట్లో తిండి కోసం పని చేయాల్సినవాడు?

అలాంటి తమ్ముడు ఒకడు నా దగ్గరికి వచ్చేవాడు. తెల్లారకముందే చెరువు మీద పని. మా వైపు చేపలకి మేత ఎలా వేస్తారో తెలుసుగా? తవుడు నింపిన సంచులకి చిల్లులు పెట్టి, చెరువులో పాతిన కర్రలకి కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. పడవలో తిరుగుతూ ఆ సంచులన్నీ నింపి కట్టడం వాడి పని. అది ముగించుకుని గ్రౌండ్‌కి వచ్చేవాడు. సాయంత్రం మళ్లీ జిమ్. నాన్న లేడు. అమ్మ రొయ్యల షెడ్డులో వలుపుడు పనికి వెళ్తుంది.

1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. వాడికి 8:40 పడుతోంది. "అన్నా, నలభై సెకన్లన్నా! ఏదైనా చెప్పన్నా" అని రోజూ అడిగేవాడు.

మా జిమ్ కౌంటర్ వెనక డబ్బాల ర్యాక్ ఉంటుంది. వే ప్రొటీన్, క్రియాటిన్, వర్కవుట్‌కి ముందు తాగే పౌడర్లు. ఒక్కో డబ్బా అమ్మితే ట్రైనర్‌కి కమీషన్. 2024 మే నెల ఆఖర్లో వాడికి 1,900 రూపాయల ప్రీ-వర్కవుట్ డబ్బా ఇచ్చా. "ఇది తాగి పరుగెత్తు, ఎనర్జీ ఎలా ఉంటుందో చూడు" అన్నా. నా జేబులోకి 300 వచ్చాయి. డబ్బా మీద ఏం రాసుందో నేను చదవలేదు. పొద్దున్నే ఏమైనా తింటావా అని వాణ్ని అడగలేదు.

నాలుగో రోజు పొద్దున ఏడింటికి ఫోన్. "అన్నా, వీడు గ్రౌండ్‌లో పడిపోయాడు."

నేను వెళ్లేసరికి స్కూలు గ్రౌండ్ గోడ నీడలో పడుకోబెట్టారు. చేతులు వణుకుతున్నాయి, రెండు సార్లు వాంతి అయింది. గుండె మీద చెయ్యి వేస్తే లోపల ఎవరో డప్పు కొడుతున్నట్టుంది. బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ తీశారు, సెలైన్ పెట్టారు. డాక్టరుగారు వాణ్ని వదిలేసి నన్ను అడిగారు. "ఏం తాగించారు?"

డబ్బా తెప్పించి చూస్తే ఒక స్కూపులో 200 మిల్లీగ్రాముల కెఫీన్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 400 దాటకూడదంటారు. వీడు తొందరగా పని చేస్తుందని రెండు స్కూపులు కలుపుకున్నాడు. దానికి ముందు చెరువు గట్టు మీద కాఫీ. కడుపులో ఇంకేమీ లేదు. రెండు గంటలు పడవ మీద చెమటోడ్చి వచ్చాడు, నీళ్లు సరిగా తాగలేదు. పైన రోహిణి కార్తె ఎండ.

సాయంత్రానికి తేరుకున్నాడు. డాక్టరుగారు ప్రమాదం లేదన్నారు. వాళ్లమ్మ షెడ్డు నుంచి అలాగే వచ్చేసింది. తిడుతుందనుకున్నా, తిట్టలేదు.

"ట్రైనర్ అన్న చెప్పాడమ్మా అని తెచ్చుకున్నాడయ్యా. పందొమ్మిది వందలంటే నాకు ఐదు రోజుల కూలి. నువ్వు చెప్పావు కదా అని ఇచ్చాను" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. కొట్టు నుంచి అడ్వాన్స్ తీసుకుని ఆ పందొమ్మిది వందలూ ఆమె చేతిలో పెట్టా. ఆమె తీసుకోలేదు. "వాడు పాసయ్యేటట్టు చూడు నాయనా" అంది.

రౌండుకి రెండు నిమిషాలు

మర్నాడు ఓనర్‌తో చెప్పా, ఇక డబ్బాలు నేను అమ్మనని. ఆయన చెడ్డవాడేం కాదు. "నెల ఫీజు 700తో అద్దె, కరెంటు బిల్లు కడితే నీ జీతానికి ఎక్కడ మిగులుతుందిరా?" అన్నాడు. ఆ లెక్కా నిజమే. చివరికి ర్యాక్ అలాగే ఉంది, నేను మాత్రం దాని వైపు చెయ్యి చూపించను. నాకు నెలకి పదిహేను వందల దాకా తగ్గింది.

వారం తర్వాత తమ్ముడు గ్రౌండ్‌కి వచ్చాడు. ఈసారి నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాం. వాడి రోజంతా రాశా. ఎన్నింటికి లేస్తాడు, ఏం తింటాడు, ఎన్ని సంచులు కడతాడు. రాస్తుంటే నాకే సిగ్గేసింది. వల లాగిన రోజు సాయంత్రం కూడా నేను వాడితో స్క్వాట్స్ చేయించేవాణ్ని! వాడికి తక్కువైంది కసరత్తు కాదు, విశ్రాంతి.

రెండో తప్పు పరుగులో దొరికింది. 1600 అంటే 400 మీటర్ల ట్రాక్‌లో నాలుగు రౌండ్లు. 8 నిమిషాలంటే రౌండుకి 2 నిమిషాలు. వీడు మొదటి రౌండు 1:35లో కొట్టేసి, ఆఖరి రౌండులో కాళ్లీడుస్తున్నాడు. దాంతో ప్లాన్ మార్చాం. వారానికి రెండు రోజులు 400 మీటర్లు 1:55లో పరుగెత్తి, రెండు నిమిషాలు నడవడం, అలా ఆరుసార్లు. ఒక రోజు తీరిగ్గా ఐదు కిలోమీటర్లు, మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగా. జిమ్ వారానికి రెండు రోజులే. వల లాగిన రోజు పూర్తిగా సెలవు.

తిండి సంగతి. అదే 2024 మే నెలలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దని అందులో స్పష్టంగా ఉంది. మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలంటారు. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. కసరత్తు గట్టిగా చేసేవాళ్లకి ఇంకొంచెం కావాలి. గుడ్డులో 6 గ్రాములుంటుంది. వంద గ్రాముల శీలావతి చేపలో 17 గ్రాముల దాకా ఉంటుంది. చేపల చెరువుల మధ్య పుట్టినవాడికి నేను ప్రొటీన్ ఆశ చూపించి డబ్బా అంటగట్టాను! రోజూ రెండు గుడ్లు, పప్పు, వీలైనప్పుడు చేప, పరుగుకి గంట ముందు ఒక అరటిపండు. అంతే.

అక్టోబరుకి 7:55 వచ్చింది. టెస్టు రోజు 7:41.

మీరు జిమ్‌లో చేరుతుంటే...

ఆ తర్వాత నేను కూడా ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు చేసి పరీక్ష రాశా. సీపీఆర్ నేర్చుకున్నా. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకి తగ్గకుండా ఛాతీ మీద నొక్కాలి. ముందు 108కి ఫోన్ చేయించాలి. ఆ రోజు గ్రౌండ్‌లో నాకు ఇదేమీ తెలియదు. అవసరం పడలేదు కాబట్టి బతికిపోయాం.

చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నాలుగు మాటలు. ట్రైనర్ మొదటి రోజు మిమ్మల్ని ప్రశ్నలు అడగాలి. బీపీ ఉందా, పాత దెబ్బలున్నాయా, రోజంతా ఏం పని చేస్తారు, ఎంతసేపు పడుకుంటారు? అడక్కుండా బరువు చేతిలో పెడితే మీరే చెప్పండి. డబ్బా కొనమంటే "ఇందులో నీకెంత వస్తుందన్నా?" అని మొహమాటం లేకుండా అడగండి. ఇంజెక్షన్ మాట ఎత్తితే ఆ రోజే మానేయండి. గుండె దడ, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం వస్తే ఆగిపోండి. 'నో పెయిన్ నో గెయిన్' బోర్డు గోడ మీదకే, మీ ఒంటికి కాదు.

పార్ట్‌టైమ్ ట్రైనర్ అవుదామనుకునేవాళ్లకి ఒకటే. మనం చెప్పింది నమ్మి డబ్బులు తెచ్చేది చాలాసార్లు వాళ్ల అమ్మ. అది గుర్తుంటే చాలు.

తమ్ముడి సంగతి చెప్పలేదు కదూ. 2025 జూన్ 1న మెయిన్స్ రాశాడు. ఆగస్టు 1న ఫలితాలొచ్చాయి. నేను కొట్టులో ఉండగా ఫోన్ చేశాడు. "అన్నా, లేదన్నా" అన్నాడు. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాడే "వల ఉంది, రేపు రాను" అని పెట్టేశాడు.

ఎల్లుండి వచ్చాడు. కొత్త నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగనంటున్నాడు. మొన్న గ్రౌండ్ పక్కగా వెళ్తుంటే ఇంటర్ పిల్లలు ఇద్దరు పరుగెత్తుతున్నారు. వీడు చేతిలో ఫోన్ పట్టుకుని టైము చూస్తూ అరుస్తున్నాడు.

"ఒరేయ్, మొదటి రౌండు ఉరకొద్దురా! రెండు నిమిషాలు... రెండు నిమిషాలు!"