మీకు తెలుసా? హర్డిల్స్, మంచుబండి, కాన్పుల వార్డు

జహీరాబాద్ పక్కన మొగుడంపల్లిలో చలి ఎంత ముదిరినా చెరకు తోటల మీద పొగమంచే తప్ప గడ్డకట్టిన మంచు కనపడదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీదీ దాదాపు అదే కథ. ఆ ఊరి జానా పిట్‌మన్ మాత్రం 2014 సోచి శీతాకాల ఒలింపిక్స్‌లో మంచుబండి తోసింది! దాన్నే బాబ్‌స్లెడ్ అంటారు.

అప్పటికే ఆమె 400 మీటర్ల హర్డిల్స్‌లో రెండుసార్లు ప్రపంచ చాంపియన్: 2003లో పారిస్‌లో, 2007లో ఒసాకాలో. రెండోది బాబు పుట్టిన ఏడాదిలోపే గెలిచింది. వేసవి, శీతాకాల ఒలింపిక్స్ రెండింటిలోనూ పోటీపడిన తొలి ఆస్ట్రేలియా మహిళ ఆమే.

ఇద్దరు కూర్చునే ఆ బండిలో జానాది వెనక చోటు. మేకుల బూట్లతో మంచు మీద పరుగెత్తుతూ బండిని తోయాలి. వేగం అందుకోగానే ఎగిరి లోపల పడి తల వంచేయాలి. గీత దాటాక బ్రేకు లాగడమూ ఆమె పనే. హర్డిల్స్ కాళ్ళ బలం అక్కడ అక్కరకొచ్చింది. దక్కింది 14వ స్థానమే అనుకోండి.

ఈ మంచుబండి తోయడం మెడిసిన్ చదువుతూనే! తర్వాత డాక్టరై కాన్పులు, స్త్రీల వైద్యం వైపు వెళ్ళింది.

కెనడాకు చెందిన హేలీ వికెన్‌హైజర్‌ది ఇంకో దారి. ఐస్ హాకీలో నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్. వైద్యం చదువుతుండగా 2020 మార్చిలో కరోనా ముదిరింది. టోక్యో ఒలింపిక్స్ జరిపి తీరతామనడం బాధ్యతారాహిత్యమని ఆమె బహిరంగంగానే అనేసింది, అదీ ఒలింపిక్ కమిటీ అథ్లెట్ల కమిషన్‌లో సభ్యురాలై ఉండి. వారం తిరిగేసరికి పోటీలు వాయిదా పడ్డాయి.