పైన్ చెట్టు తోడుంటేనే మొలిచే పుట్టగొడుగు

సూరత్ జిల్లా పల్సానా చుట్టుపక్కల మిల్లుల్లో, మగ్గాల షెడ్లలో పనిచేసే తెలుగువాళ్లకు పుట్టగొడుగులు రెండు రకాలు. ఒకటి ప్యాకెట్లలో అమ్మే తెల్లటి బటన్ పుట్టగొడుగు. రెండోది తొలకరి తర్వాత సొంతూళ్లో చెలక గట్ల మీద, చెదపుట్టల దగ్గర మొలిచేది. రుచి అంటే రెండోదానిదే అంటారు. మరి దాన్ని షెడ్డులో ఎందుకు పెంచరు?

జవాబు కోసం ఐరోపా పైన్ అడవుల్లో మొలిచే లాక్టేరియస్ డెలిసియోసస్‌ను చూద్దాం. దీని టోపీ నారింజ రంగులో ఉంటుంది. కోస్తే క్యారెట్ రంగు పాలు కారతాయి. దెబ్బ తగిలిన చోటు మెల్లగా ఆకుపచ్చగా మారుతుంది. స్పెయిన్‌లో ఇష్టంగా తింటారు. కానీ పైన్ చెట్టు లేని చోట ఇది మొలవదు.

కారణం నేల కింద ఉంది. మనకు కనిపించే గొడుగు శిలీంధ్రానికి కాయ లాంటిది. అసలు శరీరం మట్టిలో అల్లుకున్న సన్నటి పోగులు. అవి పైన్ పిల్లవేళ్లను తొడుగులా కప్పేస్తాయి. చెట్టు తాను తయారుచేసుకున్న చక్కెరలో కొంత వాటికి ఇస్తుంది. బదులుగా శిలీంధ్రం నీరు, భాస్వరం, నత్రజని అందిస్తుంది. ట్రఫుల్ పుట్టగొడుగుల సాగుకు దారి వెతుకుతూ జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ ఈ పొత్తును గమనించాడు. 1885లో దానికి 'మైకోరైజా' అని పేరు పెట్టాడు.

ఈ పొత్తు చెట్టుకూ అంతే అవసరం. ప్యూర్టోరికోలో నాటిన పైన్ మొక్కలు ఏళ్ల తరబడి గిడసబారిపోయాయి. 1950ల్లో పైన్ అడవి మట్టిని తెచ్చి కలిపాకే అవి ఏపుగా ఎదిగాయి.

బటన్ పుట్టగొడుగుకు కుళ్లిన గడ్డి, ఎరువు చాలు. అందుకే అది షెడ్డులో పండుతుంది. లాక్టేరియస్ కావాలంటే ముందు చెట్టును పెంచాలి. న్యూజిలాండ్‌లో పైన్ మొక్కల వేళ్లకు ఈ శిలీంధ్రాన్ని పట్టించి, తోటలు వేసి, అలాగే కాపు తీశారు.

మన ఊళ్లలో మొలిచేదానికి తోడు చెట్టు కాదు, చెదపురుగు. టెర్మిటోమైసిస్ అనే ఈ శిలీంధ్రాన్ని చెదలు పుట్ట లోపల, తాము నమిలిన ఆకులూ పుల్లల మీద పెంచుకుంటాయి. పుట్టగొడుగు అనే మాటలోనే ఆ పుట్ట ఉంది. స్థలం చదును చేసేందుకు పుట్టను తవ్వేస్తే, మరుసటి వానకు అక్కడ గొడుగూ ఉండదు.

ఒక జాగ్రత్త. కొత్త చోట మొలిచినవి సొంతూరివాటిలాగే కనిపించినా, కచ్చితంగా గుర్తుపట్టలేకపోతే తినకూడదు. డెత్ క్యాప్ అనే పుట్టగొడుగు విషం ఉడికించినా పోదు. వాంతులు, విరేచనాలు మొదలవడానికి 6 గంటలకు పైగా పడుతుంది. ఆలోగా విషం కాలేయానికి చేరిపోతుంది.