బిల్లు లేని వైద్యం

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పుడు దానిలోవే. ఆ పథకం ఒక్కో ఆపరేషన్‌కు ధర కట్టి బిల్లు అడిగింది కనుక ఆసుపత్రి లోపలి వైద్యానికి జాడ మిగిలింది. అదే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరు హాస్టల్‌కు వెళ్లి పిల్లల గజ్జి చూసినా, మంచం పట్టిన ముసలమ్మ పుండుకు కట్టు మార్చినా, జ్వరాలు ముసిరిన ఊళ్లో మంచినీళ్ల సంగతి ఆరా తీసినా బిల్లు పుట్టదు. మహా అయితే రిజిస్టరులో ‘క్యాంపు ఒకటి’ అని ఒక గీత. 1961లో పరిశోధకుడు కెర్ వైట్ బృందం అమెరికా, బ్రిటన్ లెక్కలతో తేల్చిందేమంటే, వెయ్యి మంది పెద్దల్లో నెలకు 750 మందికి ఏదో నలత చేస్తుంది, 250 మంది డాక్టరును కలుస్తారు, ఆసుపత్రిలో చేరేది 9 మందే. మన కొలబద్దలన్నీ ఆ తొమ్మిది మంది చుట్టూనే ఉన్నాయి.

బయటి సేవను తలలు లెక్కపెట్టి కొలిస్తే సరిపోదు. ఊళ్లు తిరిగే ఒక వైద్య బండి రోజంతా బీపీ, షుగరు మాత్రలే పంచినా వందమందిని చూసినట్టే. ఎన్ని రకాల అవసరాలు తీరాయన్నదే అసలు ప్రశ్న. కుటుంబ వైద్యులు ఎంత విస్తృతంగా సేవలందిస్తే, వారి పేషెంట్లకు అంత తక్కువ ఖర్చు, తక్కువ ఆసుపత్రి చేరికలు కనిపించాయని 2015లో అమెరికాలో ఒక అధ్యయనం చెప్పింది. అది సంబంధమే, కారణమని రుజువు కాదు. పైగా వాళ్లు బిల్లులు తిరగేసి విస్తృతిని పట్టుకున్నారు. బిల్లే పుట్టని చోట సేవల రకాల జాబితా ఒకటి రాసుకుని, ఏడాదిలో చీటీ తీసిన కొన్ని వారాలకే డాక్టరు డైరీ నింపాలి. అవే వారాల్లో కొన్ని ఇళ్లను అడిగి దాన్ని సరిచూడాలి.

ఇప్పటికే రిజిస్టర్ల కింద నలుగుతున్నవాళ్లకు ఇంకో రిజిస్టరా అనేది న్యాయమైన అభ్యంతరమే. చీటీ వారాలు అందుకే. ఊళ్లో తిరిగేది ఏఎన్ఎం, ఆశా కదా, డాక్టరుతో పనేమిటనేది ఇంకా గట్టి ప్రశ్న. అలాగైతే బృందం మొత్తాన్ని లెక్కలోకి తీసుకుందాం. డాక్టరు మాత్రమే చేయగలిగి, ఎవరూ చేయకుండా మిగిలిన పని అప్పుడు బయటపడుతుంది. మైదానంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ అన్న ప్రమాణం కూడా తలల లెక్కే. గద్వాల వైపు నడిగడ్డలో ఊరు నిండుగా ఉంటుంది. నాగర్‌కర్నూల్ వైపు అమ్రాబాద్ అడవుల్లో చెంచుల గూడేలు, అంటే పెంటలు, విసిరేసినట్టుంటాయి. అక్కడికి వెళ్లిన డాక్టరు సాయంత్రానికి పదిమందినే చూడవచ్చు. కాన్పు సంగతి, దగ్గు, పసిపిల్ల బరువు, గాయం, అన్నీ ఆ పదిమందిలోనే ఉంటాయి.