ఊరు కదలాలంటే ఎవర్ని అడగాలి?

ధ్రువ ప్రాంతాలు అనగానే మనకి మంచు, తెల్ల ఎలుగుబంట్లు గుర్తొస్తాయి. అక్కడా ఊళ్లున్నాయని, బడికెళ్లే పిల్లలున్నారని వెంటనే తట్టదు. వాతావరణ మార్పుకి ప్రణాళికలు వేసేటప్పుడు అక్కడి మనుషుల్ని అడగడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి న్యూటాక్ అనే ఒక్క ఊరి కథ చాలు.

అలాస్కా పశ్చిమాన, నింగ్లిక్ నది ఒడ్డున ఉండేది ఆ ఊరు. అక్కడివాళ్లు యూపిక్ తెగవాళ్లు, సుమారు 350 మంది. పూర్వం వీళ్లు ఏడాదంతా ఒకేచోట ఉండేవాళ్లు కాదు. చలికాలం ఒకచోట, వేసవిలో చేపలు దొరికే చోట. బడి కోసం ఒకచోట స్థిరపడాలని ప్రభుత్వం అనడంతో 1949లో న్యూటాక్ చేరారు. బడి సామాను తెచ్చే బార్జ్ అంతకంటే పైకి పోలేదు కాబట్టి ఆ చోటు ఖాయం చేశారని ఊళ్లోవాళ్లు చెబుతారు. అంటే, చోటు ఎంచింది ఊరివాళ్లు కాదన్నమాట.

అక్కడి నేల పర్మాఫ్రాస్ట్. అంటే ఏళ్ల తరబడి కరగకుండా గడ్డకట్టి ఉండే నేల. వేడి పెరిగి అది కరిగితే మట్టికి పట్టు పోతుంది, ఇళ్లు కుంగుతాయి, నది ఒడ్డుని సులువుగా కోసేస్తుంది. న్యూటాక్ దగ్గర నది ఏడాదికి సగటున 70 అడుగుల దాకా నేలని మింగింది.

1994లో ఊరి మండలి వేరే చోటు కోసం ఆలోచన మొదలుపెట్టింది. ఊరివాళ్ల అభిప్రాయం మూడుసార్లు అడిగారు. ఎక్కువమంది కోరింది నెల్సన్ దీవిలోని మెర్టార్విక్‌నే. అది నదికి అవతల, సుమారు 9 మైళ్ల దూరం. వాళ్లకి కొత్త చోటేం కాదు, పెద్దవాళ్లు వేసవిలో చేపలు పట్టిన దీవి అది. ఎత్తుగా ఉంటుంది, కింద రాయి ఉంది, మంచినీటి ఊట ఉంది. ఆ పేరులోనే ఊట నీళ్లు తెచ్చుకోవడమనే అర్థం ఉంది.

2003లో అమెరికా కాంగ్రెస్ భూమి మార్పిడికి ఒప్పుకుంది. 2006లో ప్రభుత్వ శాఖలు, ఊరివాళ్లు కలిసి కూర్చునే బృందం ఏర్పడింది. అయినా మొదటి కుటుంబాలు కొత్త ఊరికి వెళ్లింది 2019లో, చివరివాళ్లు 2024లో! ఇంత ఆలస్యం ఎందుకంటే, ఊరు మొత్తాన్ని తరలించడమే పనిగా ఉన్న శాఖ అక్కడ లేదు. తుఫానొస్తే సాయం దొరుకుతుంది, మెల్లమెల్లగా కరిగే నేలకి దొరకదు. విపత్తుగా ప్రకటించమని అడిగితే 2017లో కుదరదన్నారు. కొత్త ఇళ్లలో కొన్నింటికి అప్పుడే పునాదులు కదులుతున్నాయని 2025లో వార్తలొచ్చాయి. అందుకే చోటు ఎంచేటప్పుడు ఒక్కసారి అడిగితే సరిపోదు. ఇల్లు కట్టేటప్పుడూ, కట్టాక కూడా అడుగుతూనే ఉండాలి.

ఇది మనకి మరీ దూరం విషయం కాదు. మన గంజాం తీరంలో పొడంపేట జాలర్ల ఇళ్లు సముద్రం కోతకి పోయాయి, వాళ్లూ ఊరు మారాల్సొచ్చింది. జాలరికి ఇల్లెంత ముఖ్యమో, ఆ ఇంటి నుంచి పడవ ఉండే ఒడ్డు ఎంత దూరమన్నదీ అంతే ముఖ్యం. ఆఫీసులో మ్యాపు ముందు కూర్చున్నవాళ్లకి అది తోచకపోవచ్చు. రోజూ వల మోసే మనిషిని అడిగితే వెంటనే చెబుతాడు.