మందుకు లొంగని రక్త క్యాన్సర్: కణానికి అందే సంకేతాలు

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల అమినోప్టెరిన్ అనే మందును రూపొందించింది. రక్త క్యాన్సర్ బారినపడిన 16 మంది పిల్లలకు ఆ మందు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తగ్గిందని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. కాని ఆ ఉపశమనం తాత్కాలికమే అయింది. లొంగినట్లే కనిపించిన వ్యాధి మళ్ళీ ఎందుకు తలెత్తుతుంది?

మన శరీరంలోని ప్రతి కణమూ సంకేతాలను అనుసరించి నడుచుకుంటుంది. ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు విభజన చెందాలో, పాడైపోతే ఎప్పుడు మరణించాలో వాటి ద్వారానే దానికి తెలుస్తుంది. కీమోథెరపీ మందులలో అనేకం కణంలోని డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తాయి. అలా దెబ్బతిన్న కణం తనంతట తానే మరణించాలి. అయితే 'బ్రతుకు' అనే సంకేతం ఎడతెగక అందుతున్న క్యాన్సర్ కణం మరణించదు. ఎముక మూలుగలోని ఇరుగుపొరుగు కణాలు సైతం ఇటువంటి సంకేతాలు పంపి దానికి ఆశ్రయమిస్తాయి.

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా దీనికి చక్కని ఉదాహరణ. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారైనందున బి.సి.ఆర్.-ఏ.బి.ఎల్. అనే ప్రోటీన్ పుడుతుంది. అది ఎన్నటికీ ఆరని స్విచ్చి వంటిది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ మాత్ర ఆ స్విచ్చిని ఆపుతుంది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో సంస్థ 2003లో ఈ మందును చౌకగా అందుబాటులోకి తెచ్చింది. అయినా ఆ ప్రోటీన్‌లో 315వ స్థానాన ఒక్క అమైనో ఆమ్లం మారితే ఇమాటినిబ్ అక్కడ ఇమడలేదు. అప్పుడు వైద్యులు పొనాటినిబ్ వంటి వేరే మందును ఆశ్రయించవలసి వస్తుంది.

ఇందులో మన బాధ్యత కూడా ఉంది. కొన్ని వారాలలోనే రక్తకణాల సంఖ్య సాధారణ స్థితికి రావటంతో వ్యాధి నయమైందని భావించి కొందరు మాత్రలు మానేస్తారు. మందు తగ్గితే మిగిలిన కణాలు మళ్ళీ విభజన చెందుతాయి. విభజనలు పెరిగేకొద్దీ మందుకు లొంగని కణం పుట్టే అవకాశం పెరుగుతుంది. లండన్‌లో 87 మంది రోగులను పరిశీలించి 2010లో వెలువరించిన అధ్యయనం, వేసుకోవలసిన మాత్రలలో 90 శాతానికి మించి వేసుకున్నవారికే ఎంతో మెరుగైన ఫలితం లభించిందని తెలిపింది.

మా కాణిపాకం పరిసరాల రోగులు తిరుపతి స్విమ్స్‌కో, వేలూరు సి.ఎం.సి.కో వెళుతుంటారు. ప్రయాణ ఖర్చుకు వెనుకాడి, వైద్యులు సూచించిన గడువులో చేయించుకోవలసిన రక్తపరీక్షను వాయిదా వేయటం తగదు. లొంగని కణాలు పెరుగుతున్నాయని ముందుగా తెలిపేది ఆ పరీక్షే.

రమజాన్‌లోనూ ఈ జాగ్రత్త అవసరం. వ్యాధిగ్రస్తులు ఉపవాసాలను తరువాతి దినాలలో పూర్తిచేసుకునే వెసులుబాటును దివ్య ఖుర్ఆన్ ఇచ్చింది. ఇమాటినిబ్‌ను భోజనంతోపాటు గ్లాసెడు నీళ్ళతో వేసుకోవాలి. ఉపవాసం పాటించవచ్చునా, పాటిస్తే మాత్రను సహరీలో వేసుకోవాలా, ఇఫ్తార్‌లోనా అన్నది రమజాన్‌కు ముందే వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. ఒంట్లో బాగుందని మాత్ర పక్కన పెట్టే నిర్ణయం మాత్రం ఇంట్లో ఎవరూ తీసుకోరాదు.