పెంపుడు కుక్కకు జాడ పట్టుట నేర్పు విధము

సాయంకాలము మంద ఇల్లు చేరిన పిమ్మట లెక్క చూచుకొనగా ఒక మేకపిల్ల తక్కువగుట మెట్ట ప్రాంతపు రైతులకు క్రొత్త కాదు. తుప్పలలో చిక్కుకొన్న పిల్లకు తెల్లవారువరకు ప్రాణము నిలుచునను నమ్మకము లేదు. నక్కలో, ఊరకుక్కలో దానిని మనకంటె ముందుగా చేరవచ్చును. నలుగురు మనుష్యులు టార్చిలైట్లు పట్టుకొని గట్లవెంట తిరుగుచుందురు. ఇంటి కుక్క మాత్రము గుంజకు కట్టబడి మొరుగుచుండును. నిజమునకు ఆ పనికి ఆ నలుగురికంటె అదియే తగినది.

వాసన చూచుట కుక్కకు మనము నేర్పనక్కరలేదు. మనిషి ముక్కులో వాసనను గ్రహించు కణములు సుమారు 50 లక్షలు ఉండగా, కుక్కకు జాతిని బట్టి 20 కోట్లకు పైగా ఉండును. మనిషి గాని, జీవము గాని నడచినచోట చర్మము నుండి రాలిన సన్నని పొట్టు, కాలిక్రింద నలిగిన గడ్డి, కదిలిన మట్టి కలిసి ఒక జాడను ఏర్పరచును. 1993లో నార్వే దేశపు శాస్త్రజ్ఞులు జర్మన్ షెపర్డ్ కుక్కలతో జరిపిన పరిశోధన ప్రకటింపబడినది. 20 నిమిషముల క్రిందట గడ్డిలో నడచిపోయిన మనిషి జాడను అవి ప్రక్కనుండి తాకి, అయిదు అడుగుజాడలకు మించి చూడకుండగనే అతడు ఎటు పోయినదీ తెలిసికొన్నవి. పసిగట్టుట అను మాట మన భాషలో ఊరక పుట్టలేదు.

మనము నేర్పవలసినవి రెండే. వేయి వాసనలలో మనము చూపిన ఒక్కదానినే పట్టి పోవుట, చివరకు చేరిన పిదప దేనినీ ముట్టక నిలుచుట. మూడవ పాఠము కూడ కలదు గాని, అది కుక్కకు కాదు, తాడు పట్టువానికి.

ఇందుకై విలువైన విదేశీ కుక్కను కొననక్కరలేదు. తిండిమీద ఆశ, యజమానిమీద ప్రేమ గల ఏ నాటుకుక్క అయినను చాలును. ముధోల్ వంటి వేటజాతులు ప్రధానముగా కంటితో చూచి పరుగెత్తునవి. వాటికి తల దించి నడచుట అలవరచుటకు ఎక్కువ ఓపిక కావలెను. జీవాలను ఒకసారియైనను కరచిన కుక్కను మాత్రము ఈ పనికి ఎన్నుకొనరాదు.

మూడు నాలుగు నెలల పిల్లతో ఆరంభించుట సులభము, పెద్దదియైనను నేర్చుకొనును. మెడకు కాక రొమ్ముకు వేయు పట్టీ ఒకటి, 20 అడుగుల నూలు తాడు ఒకటి ఉండవలెను. బహుమానముగా ఉడికించిన కోడిమాంసమును గాని, కార్జమును గాని శనగగింజంత ముక్కలుగా కోసి ఉంచుకొనవలెను. గొఱ్ఱెల, మేకల పచ్చి కార్జము, ఊపిరితిత్తులు, తలకాయ పెట్టరాదు. వాటినుండి బద్దెపురుగులు కుక్కకు, కుక్కనుండి తిరిగి జీవాలకు, ఒక్కొక్కప్పుడు మనుష్యులకు సంక్రమించును.

మొదటి పాఠము తెల్లవారుజామున, మంచు తడి ఆరని గడ్డినేలమీద జరుగవలెను. తడి, చల్లదనము వాసనను నిలుపును. ఎండ దానిని చెదరగొట్టును. పైగా ఎండలో నోరు తెరచి రొప్పుచున్న కుక్క ముక్కుతో సరిగా పని చేయజాలదు. కుక్కను దూరముగా కట్టి, ఇంటివారిలో ఒకరు ఒకచోట గడ్డిని కాళ్లతో బాగుగా త్రొక్కి, అచ్చట నుండి తిన్నగా 20 అడుగులు వేయవలెను. ప్రతి అడుగుజాడలోను ఒక ముక్క, చివర తాము కట్టి విడిచిన తువాలుపై గుప్పెడు ముక్కలు ఉంచవలెను. గాలి వెనుకనుండి వీచునట్లు చూచుకొనవలెను. ఎదురుగాలి అయినచో కుక్క తల ఎత్తి గాలిలోని వాసన పట్టి పరుగెత్తును గాని నేలను చూడదు. తిరిగి వచ్చునప్పుడు దూరముగా చుట్టి రావలెను. పిదప కుక్కను త్రొక్కిన చోటికి తెచ్చి, “వెతుకు” అని ఒక్కసారి చెప్పి ఊరకుండవలెను. ఏ మాట ఎన్నుకొన్నను ఇంటిల్లిపాదియు అదే మాట వాడవలెను.

వారమునకు మూడు నాలుగు పాఠములు చాలును. కుక్క ఉత్సాహముగా నడచుచున్నకొలది ముక్కలను రెండు మూడు అడుగులకు ఒకటిగా, తరువాత ఎక్కడనో ఒకటిగా తగ్గించవలెను. జాడను పొడిగించి, దానిలో మొదట చిన్న వంపు, తరువాత మూలమలుపు పెట్టవలెను. జాడ వేసిన పది నిమిషములకు, అరగంటకు, గంటకు కుక్కను తేవలెను. అన్నిటిని ఒకే రోజున కష్టతరము చేయరాదు. పొడవు పెంచిన రోజున మలుపు వద్దు. మలుపు పెట్టిన రోజున ఆలస్యము వద్దు.

ఇక తాడు పట్టువాని పాఠము. మలుపులవద్ద పుల్లలు గుచ్చి గుర్తు పెట్టుకొనుట మొదట మంచిదే. కాని దారి తెలిసిన మనిషి తెలియకుండగనే తాడు లాగును, అటువైపు తిరిగి నిలుచును. కుక్క జాడను మాని యజమాని ముఖమును చదువుట నేర్చును. కావున కొన్ని వారములైన పిదప మీకు తెలియని దారిలో వేరొకరిచేత జాడ వేయించి, కుక్క వెంట పోవలెను. తల ఎత్తి, అటు ఇటు చుట్టు తిరిగినచో జాడ తప్పినదని తెలిసికొని, ఉన్నచోటనే నిలుచుండవలెను. అదే వెదకుకొనును. మీ తెలివి దానికి అరువీయకుడు.

మనిషి జాడలో ఆరితేరిన పిమ్మట మేకపిల్లతో మొదలుపెట్టవచ్చును. సాధువైన పిల్లను పొడవైన తాడుతో నడిపించుకొనిపోయి, తాను ప్రక్కగా నడచుచు, పొద చాటున కట్టవలెను. ఆ పిల్ల మెడత్రాటిని కుక్కకు వాసన చూపవలెను, ముక్కునకు అదుమరాదు. చేరిన వెంటనే, రెండు గజముల దూరములోనే “కూర్చో” అని నిలిపి అచ్చటనే బహుమాన మీయవలెను. ఒకే మందలోని జీవాలలో ఒకదానిని వేరుచేయుట కుక్కకు సులభము కాదు. అయితే తప్పిపోయిన పిల్ల మంద బాటను విడిచి ఒంటరిగా పోవును గదా. మంద మేసిన చోటు అంచున కుక్కను చుట్టు త్రిప్పినచో, ఆ ఒంటరి జాడ బయటికి పోయినచోట అది పట్టుకొనుటకు వీలగును.

పిల్ల తప్పినదని తెలియగానే ఊరివారందరును తుప్పలలో పడి త్రొక్కుట సర్వసాధారణము. అంతకంటె పని చెడగొట్టునది లేదు. దానిని కడసారి ఎవరు, ఎక్కడ చూచిరో కాపరి నడిగి, ఇతరులను బాటమీదనే నిలిపి, మొదట కుక్కను దింపవలెను. మందను తిరిగి అటు తోలరాదు.

క్రొత్తగా పురుగుమందు చల్లిన చేలలో పాఠములు పెట్టరాదు. త్రోవలో కుందేటి జాడ, పంది జాడ తగులును. తిట్టక, తాడు బిగించి నిలిచినచో మరల అసలు జాడకు వచ్చును. ఈ విద్యను వేటకు వాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. రాత్రులు నక్కలు, ఊరకుక్కలు తిరుగు చోట్లకు పోవు కుక్క గనుక, దానికి మూడు నెలల వయస్సున పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేట మరల వేయించవలెను. బద్దెపురుగుల మందును కూడ అప్పుడే అడిగి తెచ్చుకొనవచ్చును.