కంప్యూటరు మాటిమాటికీ ఆగిపోతుంటే

ఇంట్లో కంప్యూటరు పని మధ్యలో ఆగిపోతుంటే "పాతబడింది, కొత్తది కొనాల్సిందే" అని తేల్చేస్తుంటాం. తొందరపడకండి. జ్వరం ఏ వేళప్పుడు వస్తోందని డాక్టరు అడిగినట్టే, అది ఎప్పుడు ఆగుతోందో ముందు గమనించాలి. తేదీ, వేళ, అప్పుడు చేస్తున్న పని, తెరమీద కనబడ్డ మాటలు ఓ కాగితంమీద రాసిపెట్టండి.

కాసేపు నడిచి ఆగిపోయి, చల్లారాక మళ్ళీ మామూలుగా పనిచేస్తోందా? అయితే వేడిని అనుమానించాలి. మరీ వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు అందులో ఉంటుంది. ప్లగ్గు తీసేసి, పెట్టె మూత విప్పి, ఫ్యానును వేలితో కదలకుండా పట్టుకుని, పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. తడిగుడ్డ వద్దు. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలవ ఉంటుంది.

ఫ్రిజ్జో, మిక్సీయో ఆన్ అయినప్పుడల్లా ఆగుతోందంటే కరెంటును అనుమానించండి. ప్లగ్గు వదులుగా ఉందేమో, యూపీఎస్ బ్యాటరీ పాతబడిందేమో చూడాలి. ఓ వేళా పాళా లేకుండా ఆగితే మెమరీ లోపం కావచ్చు. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష ఉంది, నడిపి చూడండి.

హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమంటుంటే మాత్రం ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టండి. ముందు ఫోటోలు, పిల్లల చదువుల కాగితాలు మరో డిస్కులోకి ఎక్కించుకోండి. బాగుచేసే అబ్బాయి "ఫార్మాట్ చేస్తానండీ" అన్నాడంటే డిస్కులో ఉన్నవన్నీ తుడిచేస్తానని అర్థం. కంప్యూటరు మళ్ళీ కొనుక్కోవచ్చు గాని, పోయిన ఫోటోలు ఎక్కణ్ణుంచి తెస్తాం? అవి తీసిపెట్టుకున్నాకే, మీరు రాసిన కాగితంతో సహా అతని చేతికివ్వండి.